డాక్టరమ్మ కారులో మాడు వాసన

"ముక్కు పనిచేయని మనిషిని పిలిపించి వాసన కేసు అప్పజెప్పారా డాక్టరు గారూ! బాగుంది, చాలా బాగుంది!"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పూర్ణచంద్రరావు ఈ మాట అని, కారు షెడ్డు గోడకి ఆనుకుని కడుపుబ్బ నవ్వాడు. నవ్వడూ మరి! ప్రైవేటు డిటెక్టివ్ భానుమూర్తి అప్పుడే రిక్షా దిగి, వరసగా తుమ్ముకుంటూ లోపలికి వస్తున్నాడు. చెవులకి మఫ్లరు, చేతిలో రుమాలు, కళ్ళు చింతనిప్పులు. మార్చి నెలలో బెజవాడ ఎండకి మఫ్లరు చుట్టుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది.

భానుమూర్తి ఆ నవ్వుని పట్టించుకోలేదు. షెడ్డు మూల చెక్కపెట్టె మీద, సంకెళ్ళు పడ్డ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకు కూర్చున్న డ్రైవర్ శౌరయ్యనే చూస్తున్నాడు. నెరిసిన జుట్టు, ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. ఇలాంటి మనిషి చేతులకి ఆ ఇనప గొలుసు చూడగానే భానుమూర్తికి ఒళ్ళు మండిపోయింది.

"నవ్వడం అయితే విషయం చెప్పండి ఇన్‌స్పెక్టరు గారూ," అన్నాడు ముద్దముద్దగా. జలుబుతో గొంతు కూడా పోయింది.

"చెప్పడానికేముంది బ్రేకు ఇనస్పెక్టరు గారూ!"

ఆ పిలుపు ఎత్తిపొడుపే. భానుమూర్తి చాలా ఏళ్ళు బండ్ల తనిఖీ చేసే బ్రేకు ఇనస్పెక్టరుగా పనిచేసి, పై ఆఫీసరుతో పేచీ పెట్టుకుని రాజీనామా పారేసి, ఈ డిటెక్టివు వ్యాపారంలోకి దిగాడు. లారీ ఓనర్లు ఆ పేరుతోనే ఇప్పటికీ దండం పెడతారు. పూర్ణచంద్రరావు మాత్రం అదే పేరు వెక్కిరింతకి వాడతాడు. ఇద్దరికీ ఏనాటి నుంచో చుక్కెదురు.

"నిన్న ఆదివారం, సాయంత్రం నాలుగింటి వేళ," అని మొదలుపెట్టాడు ఇన్‌స్పెక్టరు, "గన్నవరం దగ్గర సైకిలు మీద పోతున్న స్కూలు మాస్టారు కృపానందాన్ని ఒక తెల్ల అంబాసిడర్ గుద్దేసి ఆగకుండా పోయింది. పాపం ఆయన పెద్దాసుపత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఆయన పోతే హత్యానేరం. కళ్ళారా చూసిన సాక్షి ఉన్నాడు. నంబరులో చివరి రెండంకెలు చెప్పాడు. ఈ కారువే! పైగా బండి అడుగునుంచి సన్నటి తెల్లపొగ, మాడు వాసన వచ్చాయని కూడా చెప్పాడు. పొద్దున్నే ఇక్కడికొచ్చి చూద్దును కదా, షెడ్డంతా అదే వాసన. ఇంకేం కావాలి మీకు?"

"శౌరయ్య ఏమంటాడు?"

"అదే నా అసలు బలం. ఏమీ అనడు! డాక్టరు గారు మధ్యాహ్నం పామర్రు చర్చిలో కారు దిగారు. మళ్ళీ చీకటి పడ్డాక ఎక్కారు. ఈ మధ్యలో ఎక్కడ తగలడ్డావురా అంటే నోరు విప్పడు. నేను చెప్తాను వినండి. యజమానురాలు చర్చిలో రోగుల్ని చూసుకుంటుంటే ఈ పెద్దమనిషి బయటి కిరాయి ఒకటి ఒప్పుకుని గన్నవరం వైపు లగెత్తాడు. మాస్టారు అడ్డం వచ్చాడు. బ్రేకులు తొక్కాడు, ఆగలేదు, గుద్దాడు, పారిపోయాడు. సైకిలు కాబట్టి బంపరుకి సొట్ట పడలేదు గానీ, ఆ తొక్కుడుకి బ్రేకులు మాడాయి. అదండీ వాసన! భోజనాల వేళ దాటగానే వీణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. అప్పటిదాకా మీ ముచ్చట తీర్చుకోండి."

డాక్టర్ ఎలిజబెత్ ఒక్క అడుగు ముందుకు వేసింది. వన్ టౌన్‌లో ఆమె నర్సింగ్ హోమ్ తెలియని తల్లి ఉండదు. మాట తక్కువ మనిషి. ఇవాళ ఆ తక్కువ మాట కూడా వణుకుతోంది.

"భానుమూర్తి గారూ, శౌరయ్య మా నాన్నగారి టైము నుంచీ ఉన్నాడు. మనిషిని గుద్ది వదిలేసి వచ్చేవాడు కాదు. కానీ నాక్కూడా చెప్పడం లేదు. రాత్రి కారు వాసన వచ్చినప్పటి నుంచీ అడుగుతున్నాను. అదే నాకు భయంగా ఉంది."

శౌరయ్య తల ఇంకా కిందికి వాలింది.

భానుమూర్తి అతని ముందు గొంతుక్కూచున్నాడు. "శౌరయ్యా, నిన్న మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఎక్కడున్నావయ్యా?"

"పామర్రు కాడేనండి."

"కారు?"

"చెట్టు కింద పెట్టానండి."

"ఏ చెట్టు కింద?"

శౌరయ్య తల అడ్డంగా ఊపాడు. "నేను ఎవర్నీ గుద్దలేదండయ్యా. ఏసు ప్రభువు సాక్షి. అంతకంటే నన్నేం అడగబాకండి."

"చూశారా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు చెయ్యి తిప్పుతూ.

చెట్టు కింద నాలుగు గంటలు చల్లగా నిలబడ్డ కారు మాడు వాసన ఎందుకు కొడుతుంది? అబద్ధమాడుతున్నాడు, సందేహం లేదు. కానీ గుద్దినవాడి అబద్ధం ఇలా ఉండదు. గుద్దినవాడు ఈపాటికి పది కథలు అల్లి ఉండేవాడు. ఈ మనిషి కళ్ళలో ఉన్నది భయం కాదు, సిగ్గు. ఎందుకు సిగ్గు? అది తేలితే గానీ ఆ సంకెళ్ళు ఊడవు.

భానుమూర్తి రుమాలుతో ముక్కు చీదుకుని లేచాడు. "డాక్టరు గారూ, నా ముక్కు సెలవు పెట్టింది. మీ ముక్కు అప్పివ్వాలి. నిన్న వాసన ఎక్కడ మొదలైంది?"

"పామర్రులో ఎక్కినప్పుడే కొంచెం అనిపించింది. పొలాల్లో ఎవరో చెత్త తగలెట్టారనుకున్నాను. ఉయ్యూరు దాటాక బాగా ఎక్కువైంది."

"కారు పరిగెడుతుంటే ఎక్కువా, ఆగితే ఎక్కువా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఆగితేనే. కంకిపాడులో ఎడ్లబండ్లు అడ్డమొచ్చి ఆగాం. అప్పుడు గుప్పున కొట్టింది."

"బ్రేకు తొక్కినప్పుడల్లా వచ్చిందా?"

"లేదు. దానికీ దీనికీ సంబంధం లేదు."

"రబ్బరు కాలినట్టా? నూనె మాడినట్టా? పాత కాయితాలు తగలెట్టినట్టా?"

"అవేవీ కాదు. గడ్డి కాలినట్టుంది. ఇంకోటి కూడా ఉంది..." డాక్టరమ్మ మొహమాటంగా ఆగింది. "నవ్వకండి. ఆ వాసనకి నాకు ఆకలేసింది."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. భానుమూర్తి నవ్వలేదు. మఫ్లరు లోంచి అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"పొగ ఎప్పుడొచ్చింది?"

"ఇక్కడికొచ్చి పోర్టికోలో ఆపాక. అడుగునుంచి సన్నగా, తెల్లగా. దార్లో ఎక్కడా రాలేదు. ఇక్కడ అందరూ పరిగెత్తుకొచ్చారు. నర్సులు, వంటమనిషి మణెమ్మ, రెండో రూములో సీతారావమ్మ గారి భర్త. ఆయనే పాపం బానెట్ ఎత్తి చూసి, బకెట్టు నీళ్ళు తెప్పించారు."

"మణెమ్మని పిలవండి."

మణెమ్మ చీరకొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ నర్సింగ్ హోమ్‌లో బాలింతలందరికీ ఆమే వండిపెడుతుంది. నోరు పెద్దది. ఆమెని అడగడమే తరువాయి.

"వాసన సంగతా అయ్యా? రాత్రి నుంచీ మొత్తుకుంటన్నా, నా మాట ఎవరు వింటారు? మినప్పప్పు మాడిన వాసనయ్యా అది! గరిటెలో పోపు పెట్టి మర్చిపోతే వస్తదే, అచ్చం అదే!"

"నీ వంటింటి వాసనేలే అది," అని కసిరాడు ఇన్‌స్పెక్టరు.

"నా వంటింట్లో పోపు మాడదండీ," అంది మణెమ్మ రోషంగా. "ముప్ఫయ్యేళ్ళ నుంచి వండుతున్నా. ఎవరన్నా ఒకళ్ళు మాడిందని అంటే చూపించండి!"

భానుమూర్తి మఫ్లరు విప్పి కారు డోరుకి తగిలించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. పాత ఉద్యోగం ఒంట్లోకి వచ్చేసినట్టయింది. ముందు బానెట్ ఎత్తాడు. ఇంజను నూనె కారి వేడి గొట్టం మీద పడ్డ జాడ లేదు. వైర్లు మాడలేదు. ఫాను బెల్టు నిక్షేపంలా ఉంది. తర్వాత జాకీ వేసి ఒక్కొక్క చక్రమే పైకి లేపి చేత్తో తిప్పాడు. నాలుగూ సాఫీగా తిరిగాయి. ముందు చక్రం ఊడదీసి బ్రేకు డ్రమ్ము విప్పి ఇన్‌స్పెక్టరు మొహం ముందు పెట్టాడు.

"చూడండి సార్. బ్రేకులు మాడేంత తొక్కితే ఈ ఇనుము నీలంగా తిరుగుతుంది. లోపల డ్రమ్ముని ఒరుసుకునే అట్ట నున్నగా గాజులా మెరుస్తుంది. ఇది మామూలుగా, మట్టిరంగులో ఉంది. ఈ బండి నిన్న గట్టిగా ఒక్క బ్రేకు కూడా వేయలేదు."

"అయితే బ్రేకే వేయకుండా గుద్దాడన్నమాట. ఇంకా మంచిది. శిక్ష పెరుగుతుంది!"

వాదనలో ఓడిపోతే ఇంకో మెట్టు ఎక్కి కూర్చునే మనిషితో ఏం మాట్లాడతాం? భానుమూర్తి ఒక గోనెసంచి పరిచి, దానిమీద వెల్లకిలా పడుకుని, కారు కిందికి దూరిపోయాడు. బయట కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. లోపల్నుంచి ఒక తుమ్ము, దాని వెనకే "అమ్మ దీని దుంపతెగ!" అన్న కేక.

"ఏమైంది?" అంది డాక్టరమ్మ కంగారుగా.

జవాబుగా కారు కిందినుంచి నల్లటి ముద్ద ఒకటి వచ్చి పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత చేంతాడులా మెలితిరిగిన పోచల చుట్ట. సగం కాలి బూడిదైపోయింది, సగం ఇంకా ఎండుతీగలాగే ఉంది. భానుమూర్తి మసి మొహంతో బయటికి వచ్చి ఆ చుట్ట పట్టుకుని గోనెసంచి మీద విదిలించాడు. నల్లటి గింజలు టపటపా రాలాయి. కొన్ని వేడికి పగిలి లోపలి తెల్లపప్పు కనిపిస్తోంది.

మణెమ్మ వంగి ఒక గింజ తీసి పంటి కింద నొక్కింది. "మినుములేనయ్యా! మాడిన మినుములు! నేను చెప్పలా?"

"మినుపకట్టె," అన్నాడు భానుమూర్తి. "గింజ రాలగొట్టని మినుప తీగ. పొగ బయటికి పంపే గొట్టం ఈ కారు అడుగున ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉంటుంది. నిప్పులా కాలుతుంటుంది. దాని మీద ఇది పట్టెడు పట్టెడు పేరుకుంది. కారు పరిగెడుతుంటే గాలికి వాసన వెనక్కి పోతుంది. ఆగితే పైకి వస్తుంది. డాక్టరు గారికి ఆకలేసిందంటే వేయదా మరి, మినుములు వేగుతుంటే!"

శౌరయ్య ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. అది భానుమూర్తి ఒక్కడే చూశాడు.

ఇన్‌స్పెక్టరు ఆ మినుముల్ని బూటు కొనతో కదిపాడు. "ఇంతకీ దీంతో తేలిందేమిటి? ఈ రోజుల్లో జిల్లాలో ఏ రోడ్డు చూసినా మినుపకట్టె పరిచే ఉంటుంది. లారీలు తొక్కితే నూర్పిడి ఖర్చు తప్పుతుందని రైతులు రోడ్ల మీద ఆరబోస్తారు. గన్నవరం రోడ్డు మీదా ఉంది. మా జీపుకీ పట్టుకుంటుంది."

"పట్టుకుంటుంది. ఎంత? నాలుగు పోచలు. దారిన పోయే బండికి ఇంత మోపు పట్టదు సార్. ఇటు రండి, ఈ ముందు చక్రాలు చూడండి. రెంటికీ కుడివైపు సందుల్లోనే కట్టె కూరుకుంది, ఎడమవైపు లేదు. అంటే స్టీరింగు ఒకే పక్కకి తిప్పి పట్టుకుని, మెల్లిగా, గంటల తరబడి గుండ్రంగా తిరిగాడు. గన్నవరం రోడ్డు మీద అలా తిరిగే చోటు ఎక్కడుంది? ఇన్‌స్పెక్టరు గారూ, గుండ్రంగా తిరుగుతూ మినుపకట్టె తొక్కేది ఏదండీ?"

"ఎద్దు," అంది మణెమ్మ ఠక్కున. "కళ్ళంలో ఎద్దు!"

భానుమూర్తి మళ్ళీ శౌరయ్య ముందు కూర్చుని మెత్తగా అడిగాడు. "ఎవరి కళ్ళమయ్యా?"

శౌరయ్య ఒక్కసారిగా బావురుమన్నాడు.

"మా చెల్లెలు తెరేసమ్మదండయ్యా! మొగుడు పోయినాక ఎకరం కౌలుకి చేస్తంది. పామర్రు అవతల కాలవ గట్టు కింద. కోసి కుప్పేసింది. నిన్న నేను చూసిపోదామని వెళ్ళేతలికి తూర్పున నల్లగా మబ్బు కమ్ముకొస్తంది. ట్రాక్టరాయన రేపు రమ్మన్నాడు. రోడ్డు మీద పరుద్దామంటే ఆదివారం, లారీ ఒక్కటి లేదు. అది తలమీద చేతులేసుకుని ఏడుస్తా కూచుంది. వాన పడితే ఆ గింజ మొలకెత్తి పోద్ది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలా. కారుని కళ్ళంలోకి దింపానండి. ఫస్టు గేర్లో తిప్పుతా కూచున్నా, దీపాలు పెట్టేదాకా."

"ఈ ముక్క పొద్దున్నే చెప్తే ఏం పోయిందిరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, తెల్లబోయి.

"ఎట్టా చెప్పనండి? ఇంతకుముందు డ్రైవరు పెళ్ళివాళ్ళని ఎక్కించుకున్నాడని అమ్మగారు ఆ పూటే పంపించేశారు. నేను మనిషిని గుద్దలేదు కదా, ఆ కేసు ఎట్టాగూ నిలబడదనుకున్నా. ఇదైతే చేసిన తప్పే. నొప్పులొచ్చిన తల్లుల్ని మోసే కారండి ఇది. దాన్ని తీసుకెళ్ళి ఎద్దుని చేశా. జైలుకి పోతే ఎప్పటికైనా తిరిగొస్తా. అమ్మగారు పొమ్మంటే ఇంకెక్కడికి పోనండి?"

అందరూ డాక్టరమ్మ వైపు చూశారు. ఆమె "పామర్రుకి ట్రంక్ కాల్ బుక్ చేస్తాను, అర్జంటు," అని మాత్రం అని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. శౌరయ్య ప్రాణం అక్కడే సగం పోయింది.

కాల్ వచ్చేలోగా భానుమూర్తి ఊరికే కూర్చోలేదు. ఇన్‌స్పెక్టరుని ఒప్పించి శౌరయ్య ఒక చెయ్యి విడిపించాడు. ఇద్దరూ కారు కింద దూరి మిగిలిన కట్టెంతా ఇనప చువ్వతో గీకి తీశారు. ఒకచోట భానుమూర్తి చెయ్యి ఆగిపోయింది. పెట్రోలు గొట్టానికి జానెడు దూరంలో, ఆ కట్టె పూర్తిగా నిప్పంటుకుని ఆరిన గుర్తు ఉంది.

"ఇది చూశావా? చెల్లెలి మీద ప్రేమ బాగానే ఉంది. ఇంకాస్త దూరం వచ్చుంటే నువ్వూ, మీ అమ్మగారూ కలిసి రోడ్డు మీద భగ్గుమనేవాళ్ళు. కట్టె తొక్కినవాడివి ఒక్కసారి కిందికి వంగి చూసుకోనక్కర్లా?"

"బుద్ధి గడ్డి తిందండి," అన్నాడు శౌరయ్య, చెమటలు కారుతూ. "చీకట్లో అమ్మగారు వచ్చేస్తారన్న తొందరలో..."

చక్రం బిగించి, ఇంజను స్టార్టు చేసి కాసేపు అలా వదిలేశారు. గొట్టం కాలింది. భానుమూర్తి మణెమ్మని పిలిచాడు. ఆమె కారు చుట్టూ తిరిగి, వంగి, లేచి, ముక్కు ఎగబీల్చి తీర్పు చెప్పింది. "ఏమీ లేదయ్యా. ఉత్త పెట్రోలు కంపే."

అంతలోకి ఆఫీసు గదిలో టెలిఫోను మోగింది. పామర్రు చర్చికి ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టుకి కాల్ కలిసింది, ఫాదర్ గారు లైన్లోకి వచ్చారు. రిసీవరు ఇన్‌స్పెక్టరే లాక్కున్నాడు. గది బయట అందరూ గుమిగూడారు. మెట్ల పక్కనే గది. ఇన్‌స్పెక్టరు అరుపు మూడంతస్తులకీ వినిపిస్తోంది.

"తెల్లకారేనా?... ఆఁ... కళ్ళంలోనా?... మీరు కళ్ళారా చూశారా ఫాదర్?... పిల్లలు వెనక పరిగెడుతుంటే మీరే కేకలేశారా!... ఎన్నింటి నుంచీ?... మూడు కొట్టకముందు నుంచా... ఒక్కసారి కూడా ఎటూ పోలేదా?... సరే... సరే ఫాదర్, వందనాలు."

రిసీవరు పెట్టేశాడు. పూర్ణచంద్రరావు మొండివాడే గానీ దుర్మార్గుడు కాదు. జేబులోంచి తాళంచెవి తీసి తనే స్వయంగా శౌరయ్య రెండో చేతి సంకెల కూడా విప్పాడు.

"పోవయ్యా. నువ్వు బతికావు, నాకూ ఒక పాపం తప్పింది."

ఆ మాట పూర్తికాకుండానే టెలిఫోను మళ్ళీ మోగింది. ఈసారి పెద్దాసుపత్రి నుంచి. ఇన్‌స్పెక్టరు విని, ఆ గొంతుతోనే ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "కృపానందం మాస్టారు కళ్ళు తెరిచారట! మంచినీళ్ళు అడిగారట! సాయంత్రానికల్లా జరిగిందంతా చెప్తారట!"

"ప్రభువా!" అని శౌరయ్య సిలువ గుర్తు వేసుకుని గోడకి చేరగిలబడ్డాడు. మణెమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. భానుమూర్తి ఒక బ్రహ్మాండమైన తుమ్ము తుమ్మి, "అమ్మయ్య!" అన్నాడు. రాత్రి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ అంత హాయిగా గాలి ఆడలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా శౌరయ్య దగ్గరికి వచ్చింది. అతను చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఎన్ని బస్తాలయ్యాయి?" అంది.

శౌరయ్యకి అర్థం కాలేదు. "అమ్మగారూ?"

"మీ చెల్లెలికి. ఎన్ని బస్తాలు?"

"మూడు... మూడు మీద కొంచెం అమ్మా."

"తడవకుండా ఇంటికి చేరాయా?"

"చేరాయమ్మా. నేను బయల్దేరేలోపే చేర్చాం."

"ఇంకోసారి అవసరమొస్తే నాకు చెప్పు. ట్రాక్టరు మాట్లాడదాం. కారుని మాత్రం చంపకు." అంటూనే ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. శౌరయ్య మాత్రం చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

అందరూ తేలికపడ్డారు, ఒక్క భానుమూర్తి తప్ప. అతను మినుముల గోనెసంచి ముందు నిలబడి ఏదో గొణుక్కుంటున్నాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, మీ సాక్షి ఏమన్నాడో ఇంకోసారి చెప్పండి. అక్షరం పొల్లుపోకుండా."

"బండి అడుగునుంచి సన్నటి తెల్లపొగ, మాడు వాసన..." అని ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు.

"నాలుగింటికి, గన్నవరంలో! ఈ కారు ఆ టైముకి పామర్రు కళ్ళంలో తిరుగుతోంది. దార్లో వాసన వచ్చింది గానీ పొగ రాలేదని డాక్టరు గారే చెప్పారు. సన్నటి తెల్లపొగ వచ్చింది ఒక్క చోటే, ఈ పోర్టికోలో, రాత్రి. మీ సాక్షి గన్నవరంలో చూడలేదు సార్. ఇక్కడ నిలబడి చూశాడు. చూసినదాన్ని గన్నవరానికి మోసుకెళ్ళి మీకు అమ్మాడు. ఎవరు మీ సాక్షి?"

"పెద్దమనిషండీ! గన్నవరంలో రైసుమిల్లు ఉంది, వెంకటకృష్ణారావు అని. రాత్రి పొద్దుపోయాక తనంతట తనే వచ్చి చెప్పాడు..."

"వెంకటకృష్ణారావు గారా?" అంది డాక్టరమ్మ. "మా రెండో రూము పేషెంటు సీతారావమ్మ గారి భర్త ఆయనే. నిన్న బానెట్ ఎత్తింది ఆయనే."

"ఆయనకి కారుందా?"

"ఉంది. తెల్ల అంబాసిడరే. రోజూ అందులోనే వస్తారు. నిన్న మాత్రం రిక్షాలో వచ్చారు. కారేదండీ అంటే, రిపేరుకిచ్చానన్నారు."

ఇన్‌స్పెక్టరు నుదురు కొట్టుకున్నాడు. "ఆ మిల్లులో కూలీలకి జరిగిన అన్యాయం మీద వచ్చేవారం కోర్టులో సాక్ష్యం చెప్పాల్సింది కృపానందం మాస్టారే! నా బుర్రకి తట్టలేదు చూశారా. ఇది యాక్సిడెంటు కాదండీ. చంపబోయాడు!"

"ఆయన పైనే ఉన్నారా మణెమ్మా?" అన్నాడు భానుమూర్తి.

"రెండో రూము అయ్యగారా? లేరయ్యా. ఈ అయ్యగారు టెలిఫోనులో కేకలేస్తంటే మెట్ల మీద నిలబడి విన్నారు. మాస్టారు కళ్ళు తెరిచారనగానే గబగబా దిగిపోయారు. పెద్దాసుపత్రికి పోనీ అని రిక్షావోడితో అంటంటే విన్నా. పాపం చూడ్డానికేమో అనుకున్నా!"

ఇన్‌స్పెక్టరు రిసీవరు మీద పడ్డాడు. పెద్దాసుపత్రి ఫోను ఎంగేజు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఎంగేజు.

"వార్డు దగ్గర కానిస్టేబులు లేడా?" అన్నాడు భానుమూర్తి.

"ఆమోసు ఉన్నాడు. కానీ పొద్దున్నే వాడికి నేనే చెప్పాను. మిల్లు ఓనరుగారు పళ్ళు తీసుకుని వస్తారు, మంచివారు, లోపలికి వదలమని!" ఆయన వీధిలోకి పరిగెత్తి, అంతే వేగంగా వెనక్కి వచ్చాడు. జీపు రిమాండు కాయితాలతో కోర్టుకి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు.

డాక్టరమ్మ చేతిసంచిలోంచి కారు తాళంచెవి తీసింది. రాత్రి శౌరయ్య దగ్గర్నుంచి లాక్కున్న తాళంచెవి అది. దాన్ని అతని చేతిలో పెట్టింది.

శౌరయ్య దానివంకా ఆమెవంకా చూశాడు. "నన్నే నడపమంటారా అమ్మా?"

"మరెవరు నడుపుతారు?" అని ఆమె ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

భానుమూర్తి, పూర్ణచంద్రరావు వెనకసీట్లో ఇరుక్కున్నారు. కారు గేటు దాటింది. ఎదురుగా వన్ టౌన్ తోపుడుబండ్లన్నీ సందు నిండా అడ్డం. ఇన్‌స్పెక్టరు ముందుకి వంగి, ఇందాక తను సంకెళ్ళు వేసిన మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"శౌరయ్యా, నీకు పుణ్యముంటుంది. ఆ రిక్షా కంటే ముందు పోవాలయ్యా. నా పరువు సంగతి అటుంచు, మాస్టారి ప్రాణం నీ చేతుల్లో ఉంది."

"అట్టాగేనండయ్యా," అన్నాడు శౌరయ్య, హారను మీద అరచెయ్యి పెట్టి. "తలుపు గట్టిగా వేసుకోండి."